రేకు కోసిన ఎండాకాలం

మా బావ ఆ కారును మా పెళ్ళికి ముందే కొన్నాడు. బెంగళూరులో ఎవరో రెండేళ్ళు వాడి అమ్మేసిన స్పోర్ట్స్ సెడాన్. తలుపులు నాలుగున్నా, సంసారుల బండిలా ఉండేది కాదు. నేలకు దగ్గరగా, దూకడానికి వంగిన జంతువులా ఉండేది. ముదురు నీలం రంగు. కడప మొత్తంలో అట్లాంటిది ఇంకొకటి లేదని బావ అనేవాడు. ఉందో లేదో నేనెప్పుడూ విచారించలేదు.

బావ అంటే మా మేనత్త కొడుకే. చిన్నప్పటి నుంచి ఎరిగిన మనిషి. వాళ్ళకు ఊరి బయట నాపరాళ్ళు పాలిష్ పట్టే ఫ్యాక్టరీ ఉంది. పొద్దంతా ఆ దుమ్ములో ఉండి సాయంత్రం ఇంటికొచ్చి, తన ఒళ్ళు కడుక్కోకముందే కారు తుడిచేవాడు. మా అత్త నవ్వుతూ, కోడలికంటే ముందు కారు కాపురానికొచ్చింది కాబట్టి పెద్ద పెళ్ళాం అదేనని చెప్పేది. నేనూ నవ్వేదాన్ని. అప్పుడు నవ్వులకు కరువు లేదు.

పెళ్ళయిన రెండో ఏడు, నాకు ఎనిమిదో నెల నిండే ముందు, కడుపులో బిడ్డ కదలడం మానేసింది. ఆసుపత్రికి పోయేటప్పటికే అయిపోయిందన్నారు. ఆపరేషన్ చేసి తీశారు. ఆడపిల్ల అని మత్తు దిగాక మా అమ్మ చెప్పింది. చూస్తే మరచిపోలేనని నాకు చూపించలేదు. నేను మంచం మీద ఉండగానే అన్నీ జరిగిపోయాయి. బావ, వాళ్ళ చిన్నాయన పోయి ఊరి బయట పారే వంక గట్టున పూడ్చిపెట్టి వచ్చారని ఆ సాయంత్రం మాటల్లో తెలిసింది. అంతకంటే ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

రాజంపేటలో మా అమ్మగారింటికి తీసుకుపోయారు. అప్పటికే పాలొచ్చాయి. తాగే బిడ్డ లేదన్న సంగతి ఒంటికి తెలియదు కదా. పాలు ఆగడానికి మల్లెపూలు గుడ్డలో పెట్టి రొమ్ములకు కట్టారు. ఆ వాసనకు ఆ తర్వాత చాలా ఏళ్ళు నేను మల్లెపూలు ముట్టుకోలేదు.

రెండు నెలలకు కడపకు తిరిగొచ్చాను. ఇంట్లో అందరూ మెల్లగా మాట్లాడుకుంటున్నారు. కారు రేకుల షెడ్డు కింద గుడ్డ కప్పి ఉంది. బావ ఫ్యాక్టరీకి పాత స్కూటర్ మీద పోతున్నాడు. అన్నం తినేటప్పుడు కంచం వైపు తప్ప ఎటూ చూడడు. రాత్రి నా పక్కన పడుకుని గోడవైపు తిరుగుతాడు. నామీద కోపమేమో, బిడ్డను నిలుపుకోలేకపోయానని అనుకుంటున్నాడేమో అని నాలో నేనే కుమిలిపోయాను. అడిగితే ఏం చెబుతాడోనని భయం.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆయన నా ముందు మూడు కాగితాలు పరిచాడు. నెట్ సెంటర్‌కు పోయి తీయించుకొచ్చిన కలర్ ప్రింట్లు. మూడింటిలోనూ మా కారులాంటి కార్లే, కానీ చక్రాల దగ్గర ఉబ్బి, బుజాలు వచ్చినట్టున్నాయి. దీన్ని వైడ్‌బాడీ కిట్ అంటారని చెప్పాడు. ముందు చక్రాల మీది ఫెండర్లు తీసేసి వెడల్పాటివి పెట్టడం, వెనక చక్రాల మీది రేకు కోసి దాని మీద ఫైబర్ తొడుగులు అతికించడం, బంపర్లు మార్చడం, లావు చక్రాలు వేయడం.

"ఏది బాగుండాదో చెప్పు," అన్నాడు.

నా ఒళ్ళు మండిపోయింది. మూడు నెలలుగా నాతో పది మాటలు మాట్లాడని మనిషి, బిడ్డ పేరెత్తని మనిషి, కారుకు సింగారం చేస్తానంటున్నాడు. కాగితాలు తోసేసి లోపలికి పోయాను. వంటింట్లో నిలబడి ఏడుస్తూ చూస్తే, ఆయన ఆ కాగితాలను ఒక్కొక్కటే ఏరుకుని, మడత పడిన చోట అరచేత్తో సాపు చేస్తున్నాడు.

మర్నాడూ అవే తెచ్చి పెట్టాడు. ఆ మర్నాడూ. నాలుగో రోజు విసుగుతోనే, వీటికి తేడా ఏమిటని అడిగాను. అప్పుడు నోరు విప్పాడు. ఒకదానికి తొడుగులు బోల్టులతో పైకి కనబడేట్టు బిగిస్తారట, పగిలితే మార్చుకోవడం తేలిక. రెండోదానికి తొడుగులు బాడీలో కలిసిపోయేట్టు అతికించి, లప్పం పెట్టి, అతుకు కనబడకుండా రంగు వేస్తారు, పని ఎక్కువ, పగిలితే కష్టం. మూడోది వెనక పెద్ద రెక్కతో ఉంది, అది తనకే నచ్చలేదట. చక్రం ఎంత బయటికొస్తే స్టీరింగ్ ఎంత బరువెక్కుతుందో, మన రోడ్ల గుంతలకు ఎంత ఎత్తు ఉంచాలో, గంటసేపు చెప్పాడు. నాకు సగం అర్థం కాలేదు. అయినా ఆపకుండా ఏదో ఒకటి అడుగుతూనే ఉన్నాను. ఆ గొంతు విని ఎన్నాళ్ళయిందో.

చివరికి బోల్టుల కాగితం పక్కన పెట్టి, ఇది వద్దన్నాను. ఎందుకని అడిగాడు.

"కుట్లు వేసినట్టుండాది బావా."

ఆయన నా ముఖం చూసి, వెంటనే తల దించుకున్నాడు. ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. అతుకు కనబడనిదే తెప్పిద్దామన్నాడు.

కిట్ కోయంబత్తూరు నుంచి లారీ పార్సిల్‌లో వచ్చింది. ప్రింటులో మెరుస్తూ కనబడింది, పెట్టె విప్పి చూస్తే బూడిద రంగులో గరుకుగా ఉంది. ఒక బంపర్ మూల చిట్లింది కూడా. నేను ఇంతేనా అనుకున్నాను. ఆయన మాత్రం ఒక్కో ముక్కనూ రెండు చేతులతో ఎత్తి వెలుతురుకు పట్టి చూసి, కింద దుప్పటి మీద పడుకోబెట్టాడు. అత్త గడపలో నిలబడి అంతా చూసి లోపలికి పోయింది.

బిగించే పని భాయ్‌కి ఒప్పగించాడు. భాయ్ అంటే ఊరి చివర డెంటింగ్ షెడ్డు నడిపే పెద్దాయన. అరవై దాటిన మనిషి, తెల్లటి గడ్డం, సుత్తి పట్టీ పట్టీ వంకరపోయిన వేళ్ళు. గుద్దుకున్న బస్సుల్నీ జీపుల్నీ మళ్ళీ రూపానికి తెచ్చేవాడు. ఇట్లాంటి కిట్ ఆయనెప్పుడూ బిగించలేదట. రేకూ ఫైబరూ తెలిసిన చేతికి కొత్త పని అంటూ ఉండదని ఒప్పుకున్నాడు. అయితే ఒక షరతు పెట్టాడు. నిక్షేపంలా ఉన్న బండిని కోసే ముందు ఇంటివాళ్ళెవరైనా వచ్చి సరేననాలి. రేపు ఇంట్లో గొడవైతే ఆ పాపం రేకు కోసే తన గ్రైండర్‌కు చుట్టుకోకూడదని.

అందుకని బావతో నేనూ పోయాను. ఏప్రిల్ ఎండ. షెడ్డు రేకుల కింద పెనం మీద ఉన్నట్టుంది. కారును స్టాండ్ల మీదికెత్తి చక్రాలు ఊడదీశారు. ముందు ఫెండర్లు విప్పేశారు. వెనక చక్రాల మీద టేపు అంటించి, తొడుగు ఆనించి చూసి, ఎక్కడి దాకా కోయాలో భాయ్ మార్కర్‌తో గీత గీశాడు. గీత ఒకటికి నాలుగుసార్లు కొలిచాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"చూడు బేటీ, ముందరివి బోల్టులు, మళ్ళీ బిగించుకోవచ్చు. ఈ వెనకది కోసినామంటే మళ్ళీ రాదు. కోయమంటావా?"

కోయమన్నాను. అప్పటికి నాకు పట్టింపు లేదు. ఆ కారు ఏమైపోయినా సరే అనే ఉంది.

గ్రైండర్ రేకును తాకింది. ఆ అరుపు పళ్ళలోకి దిగింది. నిప్పురవ్వలు నేల మీద చిమ్మాయి. నీలం రంగు కాలిన వాసన. చంద్రవంక లాంటి ముక్క ఊడి సిమెంటు మీద పడింది. చూసేసరికి బావ పక్కన లేడు.

షెడ్డు వెనక పాత తలుపులూ బానెట్లూ కుప్ప పోసిన చోట, గోడకానుకుని కూర్చుని ఉన్నాడు. వాంతి చేసుకున్నాడు. ఎండ దెబ్బేమోనని కొంగుతో ముఖం తుడవబోయాను. చెయ్యి పట్టుకుని ఆపాడు.

"బిడ్డను వెనక సీట్లో పెట్టినా మే," అన్నాడు.

నేను పక్కన కూర్చున్నాను. ఆయన నేలకేసి చూస్తూ చెప్పాడు.

"చిన్నాయన నా పక్కన కుచ్చున్యాడు. వెనక ఎవురూ కుచ్చోలేదు. ఒళ్ళో పెట్టుకోవల్లని ఎవురూ చెప్పలేదు, నాకూ తెలీలేదు. మెల్లగానే తోలినా. రైలుగేటు కాడ బండి ఎగిరింది. తిరిగి చూస్తే పక్కకు జరిగిండె. నిలిపి సరిచేసి, మళ్ళీ ఆడనే పెట్టినా. అప్పుడన్నా ఒళ్ళోకి తీసుకోవల్లని తోచలేదు నాకు."

ఆ తర్వాత ఒక్కరోజు కూడా ఆ కారులో కూర్చోలేకపోయానని చెప్పాడు. అమ్మేద్దామంటే ఆ సీటులో ఎవరో పరాయివాళ్ళు కూర్చుంటారు. ఉంచుకుందామంటే రోజూ కంటి ముందు ఉంటుంది. అందుకని దాన్ని ఇంకొక కారు చేసేస్తే ఎట్లా ఉంటుందని ఆలోచించాడట. అది వెర్రి అని తనకూ తెలుసునన్నాడు.

ఇన్ని నెలలుగా నేను ఏమేమి ఊహించుకున్నానో, అందులో ఇది లేదు. ఆయన మీద పెంచుకున్న కోపమంతా ఎటు పోయిందో తెలియలేదు. దాని చోటులో ఇంకొకటి వచ్చింది. నా బిడ్డను చూసినవాడు, చేత్తో ముట్టుకున్నవాడు నా పక్కనే ఉన్నాడు, ఇన్నాళ్ళూ నేను అడగలేదు.

"ఎట్లుండె బావా?" అన్నాను.

లోపల గ్రైండర్ ఆగి, మళ్ళీ మొదలైంది.

"జుట్టు శానా ఉండె. నుదుటి మీదికి వచ్చిండె. వేళ్ళు నీ మాదిరే, పొడుగు."

ఇద్దరమూ ఆ కుప్ప పక్కనే ఏడ్చాం. పెళ్ళయ్యాక ఆయన ఏడవడం అదే మొదటిసారి చూడటం. భాయ్ పని ముగించి ఒకసారి తొంగి చూసి, చెంబుతో నీళ్ళు అక్కడ పెట్టి పోయాడు.

మర్నాటి నుంచి నేను రోజూ షెడ్డుకు పోయాను. మధ్యాహ్నం అన్నాలయ్యాక పోయి సాయంత్రం దాకా ఉండేదాన్ని. అత్తకు అది నచ్చలేదు. ఆడమనిషి డెంటింగ్ షెడ్డులో ఏం చేస్తుందని నలుగురూ అడుగుతున్నారని చెప్పింది. బావ ఆమెతో ఏం మాట్లాడాడో తెలియదు, వారం తర్వాత ఆమే మజ్జిగ చెంబు నా చేతికిచ్చి, భాయ్‌కి కూడా పొయ్యమంది.

కోసిన చోట లోపలి రేకునూ బయటి రేకునూ కలిపి వెల్డింగ్ చేసి, తుప్పు పట్టకుండా నల్లటి మందు పూశారు. తర్వాత తొడుగులు. కుడివైపుది చక్కగా కూర్చుంది. ఎడమవైపుది ఎంత అదిమినా వేలు పట్టేంత సందు మిగిలింది. భాయ్ పక్కన గీకి చూస్తే రంగు కింద మందంగా పాత లప్పం బయటపడింది. బెంగళూరులోనే ఎప్పుడో గట్టి దెబ్బ తిన్న బండి అన్నమాట. అమ్మినవాడు చెప్పలేదు. ఇంకొకప్పుడైతే బావ రంకెలు వేసేవాడు. ఆ రోజు సందులో వేలు పెట్టి చూసి, పూడుద్దామని మాత్రం అన్నాడు.

పూడ్చడానికి గాజుపీచు చాపను రెసిన్ జిగురుతో తడిపి పొరలు పొరలుగా వేయాలి. రెసిన్‌లో గట్టిపడే మందు కలిపితే, ఆ ఎండకు పూసేలోపే కప్పులో ఉడికి రాయైపోయేది. పొగలు కూడా వచ్చేవి. రెండు కప్పులు పాడయ్యాక భాయ్ ఆ పనిని తెల్లవారుజామున ఫజర్ నమాజు కాగానే మొదలుపెట్టాడు. ఎండెక్కేలోగా ముగించేవాడు. ఆ తర్వాత రుద్దడం నా వంతు. నీళ్ళలో ముంచిన ఎమెరీ కాగితంతో, అరచెయ్యి పెట్టి చూస్తూ, మెట్టు తగలకుండా వచ్చేదాకా రుద్దాలి. గాజు నూగు చేతుల్లో గుచ్చుకుని రాత్రంతా దురద. వేడినీళ్ళు పోసుకుంటే ఇంకా లోపలికి పోతుంది, చన్నీళ్ళే పోసుకోమని భాయ్ చెప్పాడు. ఆ దురద నాకు ఇష్టంగానే ఉండేది. పడుకున్నప్పుడు వేరే ఆలోచన రానిచ్చేది కాదు.

పని చేస్తున్నప్పుడు బావ ఒక్కొక్కటే చెప్పేవాడు. ఏ గుడ్డలో చుట్టారో, ఏ చేత్తో ఎత్తుకున్నాడో, చిన్నాయన గొయ్యి తవ్వుతుంటే తాను ఏం చేశాడో. ఒకరోజు ఒక్క ముక్కే చెప్పేవాడు. ఆ రోజుకు అది చాలు. భాయ్‌కి వినబడేది. ఒకసారి మాత్రం తన పనిలోంచి తలెత్తకుండానే, తనకూ ఒక కొడుకు పోయాడని, ఇప్పటికి ఉంటే బావ వయసు వాడని చెప్పాడు.

రంగు దగ్గర ఆలోచించాం. బావ తెలుపు అన్నాడు. నాకు తెలుపు వద్దనిపించింది. నాపరాయిని నీళ్ళతో తడిపితే ఒక రంగు వస్తుంది, నలుపూ కాదు నీలమూ కాదు. అది వేయమన్నాను. భాయ్ ఫ్యాక్టరీ నుంచి రాయి ముక్క తెప్పించుకుని, తడిపి పక్కన పెట్టుకుని, మూడుసార్లు కలిపాడు.

లోపల సీట్లు మళ్ళీ బిగించే రోజు వెనక సీటు ఎత్తి గోడకానించి ఉంది. బావ దాన్ని వేయొద్దన్నాడు. రెండు సీట్లు చాలన్నాడు. భాయ్ నా వైపు చూశాడు. వేసేయమన్నాను. తీసుకుపోయేటప్పుడు నేను అందులోనే కూర్చుంటానని చెప్పాను.

జూన్ మొదట్లో, ఒక్క వాన పడ్డాక, కారు బయటికొచ్చింది. ఎంత వెడల్పైందంటే ఇంటి సందులో ఇటూ అటూ చెయ్యి పట్టనంత. దారిలో జనం ఆగి చూశారు. నేను వెనక కూర్చున్నాను. సీటు మీద చెయ్యి వేసి కూర్చున్నాను. బావ అద్దంలో నన్ను చూస్తూ నడిపాడు. ఇంటి వైపు తిప్పబోతే, ముందు అక్కడికి పోదామన్నాను. ఆయన బండిని వంక దారికి తిప్పాడు.

వంక దగ్గర తారు రోడ్డు అయిపోతుంది. ఆ తర్వాత బండ్ల బాట. పాత కారు ఆ బాటలో గట్టు దాకా పోయిందట. ఇప్పుడిది పోలేదు. ముందు బంపర్ మట్టికి ఆనింది, చక్రాలు బాట కంటే బయటికొచ్చాయి. దిగి నడిచాం. అర మైలు ఉంటుంది. ఆపరేషన్ తర్వాత అంత దూరం నడవడం నాకు అదే మొదలు.

గట్టు మీద అంతా తుమ్మకంప మొలిచి ఉంది. గుర్తుకు బావ ఆ రోజు ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన చిన్న బండముక్క పెట్టాడట. చూస్తే అక్కడ రాళ్ళకు కొదవ లేదు. మా కడపలో ఎవరు ఎవరిని పూడ్చినా గుర్తుకు పెట్టేది నాపరాయే. ఒక చోట నిలబడి ఇదే అన్నాడు. నాలుగడుగులు అవతలికి పోయి, కాదు, ఇదేమో అన్నాడు. చిన్నాయనకు తెలుసుంటుందని చెబుతూ మళ్ళీ మొదటి చోటికి వచ్చాడు. ముఖం పాలిపోయింది.

"యాడైతే ఏముంది బావా, ఈడనే ఉండాది కదా," అన్నాను.

చెప్పులు విడిచి, రెండు రాళ్ళకూ మధ్యన కాసేపు కూర్చున్నాను. మట్టి ఇంకా తడిగా ఉంది. బిడ్డతో ఏదైనా మాట్లాడాలనుకున్నాను. పిలుద్దామంటే పేరు లేదు. చేత్తో నేలను రెండుసార్లు తట్టి లేచాను.

ఆ కారు మా దగ్గర రెండేళ్ళుంది. నిజం చెప్పాలంటే మా రోడ్లకు అది పనికిరాలేదు. గుంతలో దిగినప్పుడల్లా టైరు తొడుగుకు రాసుకునేది, ముందు బంపర్ మూడుసార్లు పగిలింది. మూడుసార్లూ భాయే అతికించాడు. నాలుగోసారికి భాయ్ లేడు. గుండె ఆగిపోయిందని ఆయన చెల్లెలి కొడుకు ఫోన్ చేసి చెప్పాడు. బావ మయ్యిత్‌కు పోయి, భాయ్‌ను ఖబరస్తాన్ దాకా మోసి వచ్చాడు. ఆ తర్వాత పగిలిన బంపర్ అట్లాగే వదిలేశాడు.

పత్తికొండ నుంచి ఒక టమాటా వ్యాపారి కొడుకు వచ్చి కొనుక్కుపోయాడు. బావ అతన్ని సగం రోజు కూర్చోబెట్టి అన్నీ చెప్పాడు. ఏ వైపు అతుకు సున్నితమో, ఎండలో ఎక్కువసేపు ఎందుకు నిలపకూడదో, ఎంత గాలి పెట్టాలో. వెనక సీటు గురించి ఏమీ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం కూడా లేకపోయిందని ఆ రాత్రి నాతో అన్నాడు.

మాకు మళ్ళీ పిల్లలు కలగలేదు. కర్నూలు పోయాం, తిరుపతి పోయాం, చూపించుకోని చోటు లేదు. మరి కొన్నేళ్ళకు వంక పక్క పొలాలన్నీ ప్లాట్లయ్యాయి. గట్టు చదును చేసి, సున్నం కొట్టిన హద్దురాళ్ళు పాతారు. ఆ సంగతి మాకెవరూ చెప్పలేదు. ఒక పెళ్ళికి పోతూ బస్సు కిటికీలోంచి నేనే చూశాను. పెళ్ళిలో అందరితో మాట్లాడాను, భోజనం చేశాను. ఇంటికొచ్చి బావకు చెబితే, తాను ఆరు నెలల కిందటే చూశానన్నాడు. నాకెట్లా చెప్పాలో తెలియక ఊరుకున్నాడట. ఈసారి నేను కోప్పడలేదు. ఇద్దరికీ కాఫీ పెట్టి, ఆయన పక్కన కూర్చుని, ఇంకేమేమి చెప్పకుండా దాచావో చెప్పమని అడిగాను.